కింది గది రీడర్

జూన్ 11

పెదనాన్నకి నమస్కారాలు.

ఫోను చేస్తే ఎత్తరు. ఎత్తినా "ఏదైనా ఉంటే రాయి, ఫోనులో మనుషులు సగం మాటలు మింగేస్తారు" అని పెట్టేస్తారు. అందుకే రాస్తున్నాను. ఆఫీసు కాగితం, ఆఫీసు కలం. తిట్టకండి.

అమ్మ కనిపించిన వాళ్లందరికీ "మా అమ్మాయి విశ్వవిద్యాలయంలో ఉద్యోగం" అని చెబుతోంది. నిజానికి నాది విశ్వవిద్యాలయం కాదు, అయిదు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకీ కలిపి పెట్టిన ఉమ్మడి కార్యాలయం. మా పని రెండు రకాలు. ఎక్కడ సిబ్బంది ఎక్కువ, ఎక్కడ తక్కువ అని చూసి సర్దడం ఒకటి. అయిదూ ఎవరికి వారు కొనే సామాన్లు ఒకేసారి కలిపి చవగ్గా కొనడం రెండోది. వినడానికి తేలిగ్గా ఉంటుంది. సుద్దముక్కనే తీసుకోండి. ఒకరు చాక్‌పీసు అని రాస్తారు, ఒకరు సుద్ద అని, మరొకరు "బోధనోపకరణం, తెలుపు" అని. మూడూ ఒకటేనని తేల్చడానికి నాకు ఒక వారం పట్టింది. రాత్రి కళ్లు మూసుకుంటే పట్టికలే కనిపిస్తున్నాయి.

ఇప్పుడు గ్రంథాలయాల గేట్ల పని నడుస్తోంది. పిల్లలు కార్డు చూపిస్తే తలుపు తెరుచుకోవాలి. అయిదు చోట్లా ఒకే రకం సామగ్రి పెడుతున్నాం.

అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. మీ నిఘంటువు రెండో సంపుటం తన దగ్గర లేదట, మొదటిదేనట. ఈ గొడవలోకి నన్ను లాగకండి.

మీరొక చిన్న సాయం చేయాలి. మీ గ్రంథాలయం పంపిన పట్టికలో "రీడర్ – 1, కింది గది, చాలా పాతది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మీరు రోజూ అక్కడే కదా కూర్చుంటారు. ఎలా పనిచేస్తోంది? ఉంచమంటారా, మార్చమంటారా? ఉన్నదున్నట్టు రాయండి. మీకు మొహమాటం లేదని మన ఇంట్లో అందరికీ తెలుసు.

మీ పిచ్చుక


జూన్ 16

పిచ్చుకకు ఆశీస్సులు.

ఆఫీసు కాగితానికి చెమ్మ పట్టింది. అయిదు విశ్వవిద్యాలయాలు కలిసి కొన్నది ఈ కాగితమే అయితే విడివిడిగా కొన్న రోజులే మేలు.

"ఉమ్మడి" అన్న మాట వింటే నాకు గుండె దడ. మీ నాన్నా నేనూ కుర్రతనంలో ఉమ్మడిగా ఒక సైకిలు కొన్నాం. తొక్కడం వాడి వాటాకి వచ్చింది, గాలి కొట్టించడం నా వాటాకి. వాడు పోయాడు కనక ఇంకేమీ అనను. గొలుసుకి నూనె కూడా నేనే వేసేవాణ్ణి.

నీ ఉత్తరంలో "రీడర్" అన్న మాట చూడగానే నా మీద విచారణేమో అనుకున్నాను. నేనూ రీడర్నే కదా. నీ తరానికి తెలియదేమో, లెక్చరర్‌కి పైన, ప్రొఫెసర్‌కి కింద, మెట్ల మధ్య చదరం లాంటి హోదా అది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ నన్ను రాసుకుంటూ పోయారు. రిటైరయ్యేదాకా నేను ఆ చదరం మీదే నిలబడ్డాను. పైన ప్రొఫెసర్ కుర్చీ ఖాళీ అయితే మహామౌనానికి ఇచ్చారు. ఆ పేరు నేను పెట్టిందే. ఏ సమావేశంలోనూ నోరు విప్పడు కనక లోపల బోలెడు ఉందనుకున్నారు. నేను విప్పుతాను కనక నా లోపల ఏముందో అందరికీ తెలిసిపోయింది.

సరే, నువ్వడిగింది కింది గది సంగతి. పేరెత్తడం కూడా నాకిష్టం లేదు. అయినా అడిగావు కనక చెబుతాను.

బాగా పాతబడింది. పొద్దున్నే వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. లావు పుస్తకం పెడితే మధ్యమధ్యలో ఆగిపోతుంది, ఎందుకాగిందో తెలియదు. మధ్యాహ్నం టీ పోస్తేగానీ మళ్లీ కదలదు. అన్నిటికన్నా పెద్ద జబ్బు, పెట్టిందంతా చదవదు. నా వ్యాకరణ గ్రంథమే ఉదాహరణ. ప్రతి పుటలోనూ పైన వాక్యాలు చదివి, కింద ఉన్న అధోజ్ఞాపికలన్నీ ఎగరగొట్టేసింది. ఆ గ్రంథానికి ప్రాణం అధోజ్ఞాపికలు! ఎవరు ఎవరి దగ్గర ఏ సిద్ధాంతం కాజేశారో, ఎవరికి సంధి చేయడం కూడా రాదో, మహామౌనంతో సహా అందరినీ పేరుపేరునా అక్కడే కడిగాను. నేను ఎదురుగా వెళ్లి నిలబడితే ఒకసారి గుర్రుమంది. అంతే.

ఉంచాలా, మార్చాలా అంటే, నన్నడిగితే ఎప్పుడో మార్చాల్సింది.

మీ అమ్మ దగ్గర ఉన్నది రెండో సంపుటమే. అట్ట చిరిగి ఉంటుంది, చూడమను.

పెదనాన్న


జూన్ 24

పెదనాన్నా, మీకు ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే.

ఇలాంటి నివేదిక నాకు అయిదు చోట్ల నుంచీ ఇంతవరకూ ఒక్కటి రాలేదు. అందరూ "సంతృప్తికరం" అని రాసి సంతకం గీకుతారు. మీరు రాసింది యథాతథంగా ఫైల్లో పెట్టాను. మా అధికారి చదివి "ఈయనెవరో గానీ, సామగ్రి మీద ఇంత శ్రద్ధ ఉన్నవాణ్ణి నేను చూళ్లేదు" అన్నారు. మీరూ రీడరేనన్న జోకు కూడా చదివి వినిపించాను. బాగా నవ్వారు.

పేరెత్తడం ఇష్టం లేదన్నారు. ఫరవాలేదు, కంపెనీ పేరు పట్టికలో లేకపోయినా నష్టం లేదు.

ఒక్క విషయానికి మాత్రం హడలిపోయాను. టీ పోస్తున్నారా? ఎవరు? వెంటనే మాన్పించండి. లోపల తడి తగిలితే షాకు కొడుతుంది. ఇక మీదట ఎవరూ ముట్టుకోవద్దని గ్రంథాలయాధికారికి కూడా రాశాను.

మార్చడానికి అనుమతి వచ్చేసింది. పాతదాన్ని కింది గదిలోంచి తీసి, గుడ్డలో చుట్టి, జాగ్రత్తగా ఉమ్మడి స్టోరుకి పంపాలని ఉత్తర్వు వెళ్లింది. అక్కడ పరీక్షిస్తారు. పనికొచ్చే భాగాలుంటే మిగతా నాలుగు విశ్వవిద్యాలయాలకీ పంచుతారు. పనికిరాకపోతే వేలం. కొత్తది ఈ వారంలోనే మీ దగ్గరికి వస్తుంది. ఇకమీదట మీకు ఏ ఇబ్బందీ ఉండదు.

అమ్మ అట్ట చూసింది. చిరగలేదట.

ఎగిరి గంతేస్తున్న మీ పిచ్చుక


జూలై 2

పిచ్చుకకు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివే కొద్దీ నాకు మతి పోతోంది.

సిబ్బంది సర్దుబాటు అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఒక మనిషిని ముక్కలు చేసి అయిదు చోట్లకి పంచడమా? పూర్వం రాజులు ఓడిన వాడి ఏనుగుల్ని పంచుకునేవారని చదివాను. అక్కడ కూడా ఏనుగుని కోసినట్టు ఎక్కడా లేదు. సోమవారం ఒక చోట, మంగళవారం ఒక చోట తిప్పుతారని నీ ఉద్దేశం కాబోలు. అయితే అలాగే రాయి. "భాగాలు" ఏమిటి? "వేలం" ఏమిటి? "గుడ్డలో చుట్టి" అంటే, బస్సులో చలిగాలి కొడుతుందనా? మా గ్రంథాలయాధికారి పై నుంచి వచ్చిన కాగితంలో కామా కూడా దాటడు. ఇంటికెళ్లి దుప్పటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి "కప్పుకోమని ఉత్తర్వు" అన్నాడు. ఆవిడ ఉత్తర్వు చదువుకుంది. "ఎవరూ ముట్టుకోవద్దు" అన్న చోట ఆగి, నా వైపు చూసింది. దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కి వెళ్లిపోయింది.

టీ గురించి నువ్వు రాసింది మరీ అన్యాయం. ఉద్యోగం చేసే మనిషి మధ్యాహ్నం ఒక కప్పు టీ తాగితే మీ ఆఫీసుకి షాకు కొడుతుందా?

చూపులేని పిల్లలు ఆ గదిలో రోజూ పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా కూర్చుంటారు. వాళ్ల పాఠ్యపుస్తకాలు చుక్కల లిపిలో ఎక్కడా దొరకవు. ఆవిడ పైకి చదవాలి, వాళ్లు సూదులతో అట్టకాగితం మీద పొడుచుకోవాలి. అదే వాళ్లకి పుస్తకం. వచ్చే నెల మొదట్లో పరీక్షలు. ఆవిడ వెళ్లిన మర్నాడు కూడా వచ్చి కూర్చున్నారు. ఎవరూ రాకపోతే నేనే వెళ్లి చదివాను. అధోజ్ఞాపికలతో సహా. కాసేపటికి వాళ్లలో ఒకమ్మాయి "సార్, ఇందులో ఏది పరీక్షకి వస్తుంది, ఏది మీ కోపం?" అని అడిగింది. నేను పుస్తకం మూసేశాను.

మార్చమన్నాను, నిజమే. నేను అలాంటివి అందరి గురించీ అంటాను. నేను తిడితే ఉద్యోగం పోతుందని ఎవరనుకున్నారు? మహామౌనాన్ని జీవితమంతా తిట్టాను, వాడు ప్రొఫెసరయ్యాడు.

ఆవిణ్ణి మా పిల్లలకి వారంలో ఎన్ని రోజులు ఇస్తారో తిరుగు టపాలో రాయి.

పెదనాన్న


జూలై 6

పెదనాన్నా,

ఏ ఆవిడ?

పై ముక్క రాసి, కలం పక్కన పెట్టి, మీ ఉత్తరం మళ్లీ చదువుతుండగా స్టోరు కీపరు ఫోన్ చేశాడు. "మేడమ్, మీరు పంపమన్న రీడర్ వచ్చింది. టీ అడుగుతోంది. ఇవ్వమంటారా?" అన్నాడు. నేను మీ ఉత్తరం చేతిలో పట్టుకుని కూడా, అలవాటుగా, "వద్దు, షాకు కొడుతుంది" అన్నాను. ఆయన గొంతు తగ్గించి, "మేడమ్, మాట్లాడుతోంది కూడా" అన్నాడు.

పరిగెత్తాను. స్టోరంటే పెద్ద రేకుల షెడ్డు. అయిదు చోట్ల నుంచీ తీసుకొచ్చిన బెంచీలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఒక మూల గోనెసంచుల్లో ఫ్యాన్లు. వాటి పక్కన ప్యాకింగ్ విప్పని స్టూలు మీద ఒకావిడ, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. సంచికి చీటీ వేలాడుతోంది: "రీడర్. పాతది. పరీక్షించవలెను." నన్ను చూసి లేచి "పరీక్ష మీరే పెడతారామ్మా? ఏ పుస్తకం?" అంది.

పెదనాన్నా, నేనడిగింది కార్డులు చదివే యంత్రం గురించి. గేటు దగ్గర ఉండే డబ్బా. దాన్ని కూడా రీడరనే అంటారు. మీరు రాసినవన్నీ, వేడెక్కడం, ఆగిపోవడం, గుర్రుమనడం, అన్నీ డబ్బాకి సరిగ్గా సరిపోయాయి! "చదువుతుంది, ఆగిపోతుంది" అని ఉంటే యంత్రం అనుకోక ఏమనుకోను? ఆవిడ మీకన్నా ఎంతో చిన్నది కాదు. ఒక్క చోట, ఒకే ఒక్క చోట, "చదువుతారు" అని గౌరవంగా రాసి ఉంటే నాకు తెలిసిపోయేది.

అసలు చిక్కు వేరే ఉంది. ఆవిణ్ణి వెనక్కి పంపుదామని సిబ్బంది పట్టిక తీశాను. ఆవిడ అందులో లేదు. ఎప్పుడూ లేదట! ఆవిణ్ణి చేర్చుకున్నప్పుడు ఉద్యోగానికి మంజూరు రాలేదు, తాత్కాలికంగా అని సామగ్రి పద్దు కింద జీతం ఇచ్చారు, అలాగే ఉండిపోయింది. మనిషిగా పంపాలంటే కొత్త ఉద్యోగం సృష్టించాలి. కొత్త ఉద్యోగాలు వద్దనే కదా మా ఆఫీసు పెట్టింది. మా అధికారి తల పట్టుకుని ఒకే దారి ఉందన్నారు. సామగ్రిగా వచ్చింది, "పరిశీలించడమైనది, బాగున్నది" అని ధ్రువపత్రం ఉంటే సామగ్రిగానే తిరిగి వెళ్లొచ్చు. బాగాలేదని రాసింది మీరు కనక బాగుందని కూడా మీరే రాయాలి. నమూనా కాగితం జత చేశాను.

నాకేమీ పాలుపోవడం లేదు.

పిచ్చుక


జూలై 10

అమ్మాయీ,

రాయను.

నా ఎముకలు అరిగిపోయేదాకా భాష చదివాను. మనిషిని వస్తువని సంతకం పెట్టమంటావా? ఆవిడంటే నాకు కిట్టదు. కిట్టకపోవడానికి కూడా ఎదుటిది మనిషై ఉండాలి. బీరువా మీద ఎవరూ పగ పెట్టుకోరు.

"చదువుతారు" అని రాయలేదన్నావు. రాయలేదు. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది, ఇంకోసారి రాయకు. కానీ నీకొకటి తోచిందో లేదో. కింది గదిలో మహామౌనం కూర్చుని చదువుతూ ఉంటే నేను "చదువుతాడు, ఆగిపోతాడు" అని రాసేవాణ్ణి. వాణ్ణి ఎంత తిట్టినా మన భాష వాణ్ణి మనిషిగానే ఉంచేది. ఆడమనిషికీ యంత్రానికీ మాత్రం ఒకే క్రియ. ఇన్నేళ్లు పాఠం చెప్పాను. అదొక సూత్రం అనుకున్నాను తప్ప, దాని వల్ల ఒక మనిషి స్టోరుకి చేరుతుందనుకోలేదు.

మీ కొత్త డబ్బా వచ్చింది. ఉత్తర్వులో "కింది గది" అని ఉంది కనక మా గ్రంథాలయాధికారి దాన్ని గేటు దగ్గర కాక కింది గదిలో ఆవిడ బల్ల మీదే పెట్టించాడు. ఎర్రటి కన్ను వెలుగుతూ ఉంటుంది. పిల్లలు చేత్తో తడిమి "ఇది ఏం చదువుతుంది సార్?" అని అడిగారు. "మీ కార్డులు" అన్నాను. వరసగా వచ్చి కార్డు ఆనించారు. కీచుమంది. ఇంకో కార్డు, ఇంకో కీచు. "మా పేర్లు మాకు తెలుసు కదా సార్" అని వెళ్లి కూర్చున్నారు.

వేరే దారి చూడు.

పెదనాన్న


జూలై 14

పెదనాన్నకి,

వేరే దారి లేదు. నాలుగు గదులు తిరిగాను. సిబ్బంది విభాగం "వస్తువులు మాకు సంబంధం లేదు" అంది, కొనుగోళ్ల విభాగం "మనుషులు మాకు సంబంధం లేదు" అంది. రెండు విభాగాలకీ మధ్యలో వరండాలో నేను.

ఆవిడతోనే చెప్పాను, మా పెదనాన్న రాయనంటున్నారని. ఆవిడ నవ్వింది. "ఏ పద్దు కింద రాసుకుంటే నాకేమిటమ్మా, ఇన్నేళ్లూ తెలియకుండానే ఆ పద్దులో ఉన్నాను. పిల్లల పరీక్షలు దాటిపోతే మాత్రం నన్ను ఏ పద్దులో పెట్టినా దండగ. ఆయన్ని రాయమను. రాయడం వచ్చిన మనిషే కదా" అంది.

మీ అధోజ్ఞాపికల సంగతి కూడా ఆగలేక అడిగేశాను. "పైన పుస్తకం బంగారంలా ఉంటుంది. కింద తిట్లు. తిట్లు చదివితే పిల్లలు నవ్వుతారు, ఇక పైన ఉన్నది మనసుకి పట్టదు. పుస్తకం చెడిపోకూడదని వదిలేశాను" అంది. నేను చెప్పానని అనకండి.

మా అధికారిని బతిమాలి, "పరిశీలన నిమిత్తం" అని ఆవిణ్ణి ఈరోజే మీ దగ్గరికి పంపిస్తున్నాను. సంచికి చీటీ నేనే తీసేశాను. ధ్రువపత్రం నెలాఖరులోగా చేరకపోతే మళ్లీ స్టోరుకి రప్పిస్తారు. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు. మీరు ఒక్కరే ఉన్నారు, పెదనాన్నా.

పిచ్చుక


జూలై 21

పిచ్చుకకు ఆశీస్సులు.

ఆవిడ వచ్చారు. బల్ల మీద ఉన్న డబ్బా చూసి "పాపం, దీన్ని ఇక్కడికి ఎవరు మార్చారు?" అని, ఎత్తి కిటికీలో పెట్టి, తన కుర్చీలో కూర్చున్నారు. నాతో మాట్లాడలేదు. మాట్లాడతారని నేనూ అనుకోలేదు.

పరిశీలించకుండా సంతకం చేసే అలవాటు నాకు లేదు. వెనక బెంచీలో కూర్చున్నాను. పొద్దుటి నుంచీ గది మూసేదాకా విన్నాను. చరిత్ర చదివారు, తర్వాత అర్థశాస్త్రం. మధ్యలో ఆగిపోతుందని నీకు రాశాను కదా. అదేమిటో ఈసారి అర్థమైంది. పిల్లల సూదుల చప్పుడు వాన చినుకుల్లా పడుతూ ఉంటుంది. చివరి సూది ఆగేదాకా ఆవిడ ఆగుతారు. వెనకబడ్డ సూది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఇన్నాళ్లూ పై గదిలో కూర్చుని ఆవిడ గొంతు ఒక్కటే విన్నాను, సూదులు నాకు వినపడలేదు.

ఇక నీ కాగితం. రెండు రోజులు దానితో కుస్తీ పట్టాను. పైన "పరికరం" అని అచ్చువేసింది మీ ఆఫీసు, దానికి నా పూచీ లేదు. "స్థితి" అన్న చోట నేను ఇలా రాశాను: "రీడర్‌ను స్వయంగా పరిశీలించాను. చక్కగా పనిచేస్తోంది. ఏది చదవాలో, ఏది వదిలేయాలో తెలుసు. ఆగవలసిన చోటే ఆగుతుంది. మార్చే పని లేదు." మళ్లీ చదువు. ఒక్క అబద్ధం లేదు. యంత్రం అనుకునేవాడు యంత్రం అనుకుంటాడు, మనిషి అని తెలిసినవాడికి మనిషి కనిపిస్తుంది. ఆవిణ్ణి స్టోరుకి తోలిన క్రియే వెనక్కి తెచ్చుకోవడానికి కూడా పనికొచ్చింది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. చివర చూస్తే "సంఖ్య, అక్షరాలలో" అని ఉంది. అక్కడ చిక్కుకున్నాను. క్రియ దాచినట్టు అంకె దాచదు. "ఒకటి" అని రాస్తే వస్తువు. అది నా చేత్తో రాయలేను. "ఒకరు" అని రాస్తే మనిషి. కాగితం తిరిగొస్తుంది, ఆవిడ స్టోరుకి వెళతారు, పిల్లలు కార్డులు ఆనించుకుంటూ కూర్చుంటారు. కలం పట్టుకుని చాలాసేపు ఆ గీత వైపు చూశాను.

"ఒక్కతే" అని రాశాను.

మీ గుమాస్తా అది చూసి, "ఒక్కటే" అని రాయబోయి ముసలాడు టకి బదులు త గీకాడు అనుకుంటాడు. వ్యాకరణ పండితుడట, అక్షరాలు కూడా రావు అని పక్కబల్ల వాడికి చూపించి నవ్వుతాడు. ఆ సంగతి మహామౌనం చెవిన కూడా పడుతుంది, ఇలాంటివి వాడి దగ్గరికి ఎవరూ మోయకుండానే చేరతాయి. నవ్వుకోనీ. ఎదుటివాళ్ల తప్పులు దిద్దుతూ బతికినవాణ్ణి, నా పేరు మీద ఒక అక్షరదోషం ఉంటే ఉండనీ.

కాగితం నీ చేతి మీదుగానే పోతుంది కదా. నీకు నా మీద అభిమానం ఎక్కువ, పెదనాన్న పరువు పోతుందని చేయి దురదపెడుతుంది. ఆ త జోలికి వెళ్లకు.

పెదనాన్న